ఐదో గేరు కోసం

తెలియక చేసిన పొరపాటుకు క్షమాపణ ఉంటుంది. నాది అలాంటిది కాదు. పాత ట్రక్కులో గేరుబాక్సు మార్చడానికి ముందు చదవాల్సినదంతా చదివాను. ఏ గేరులో ఎంత నిష్పత్తి, ఎంత వేగానికి ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతుంది, అన్నీ కాగితం మీద లెక్కకట్టాను. ఆ లెక్కల్లో ఈ రోజుకీ తప్పు లేదు. ఆ పని జరుగుతున్నంతకాలం నాకు చెప్పినవాళ్లున్నారు, చెప్పిన వస్తువులూ ఉన్నాయి. నేను వినలేదు. లెక్క వచ్చినవాడికి ఒకరు చెప్పేదేముంటుందన్న అహం నాది.

అది 1971 నాటి ఫోర్డ్ ఎఫ్-100. డాలస్‌కు ఉత్తరాన, డెంటన్ దాటాక ఒక చిన్న ఊళ్లో వ్యవసాయం చేసుకునే పెద్దాయన దగ్గర కొన్నాను. వాళ్ల నాన్న కొత్తదిగా కొన్న బండి. ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉండే 300 క్యూబిక్ అంగుళాల ఇంజను. ఫోర్డ్ ఆ ఇంజనును 1965 నుంచి 1996 దాకా చేసింది. దాని టైమింగుకు గొలుసు ఉండదు, నేరుగా పళ్లచక్రాలే, కాబట్టి గొలుసు సాగడం, తెగడం అనే గొడవే లేదు. తక్కువ చుట్ల దగ్గరే బలం చూపిస్తుంది. ఎక్కువ చుట్లు తిప్పితే దానికి ఇష్టం ఉండదు.

దాని వెనక మూడు గేర్ల పెట్టె. గేరు కడ్డీ నేల మీద కాదు, స్టీరింగు పక్కన. మన అంబాసిడర్‌లో ఉండేదే, కాకపోతే అక్కడ నాలుగు గేర్లు, ఇక్కడ మూడు. మీదకు లాక్కుని కిందికి దించితే ఫస్టు, మీదకు లాక్కుని పైకెత్తితే రివర్సు, అవతలికి తోసి పైకెత్తితే సెకండు, అక్కణ్నుంచి తిన్నగా కిందికి దించితే టాపు. మా తెనాలి బాబాయి అంబాసిడర్‌లో ముందు సీటులో డ్రైవరుతో కలిపి నలుగురం కూర్చుని పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లం. నేల మీద కడ్డీ అడ్డం లేకపోబట్టే అది కుదిరింది. ఈ ట్రక్కు ఎక్కి ఆ కడ్డీ మొదటిసారి పట్టుకున్నప్పుడు చెయ్యి దాన్ని గుర్తుపట్టింది. మరి దాన్నే ఎందుకు తీసేశానంటే, హైవే కోసం.

వెనక ఇరుసులో నిష్పత్తి 3.70. టైరు ఎత్తు 28 అంగుళాలు. టాపు గేరులో ఇంజను ఒక చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్టూ ఒక చుట్టే. ఆ లెక్కన గంటకు 65 మైళ్ల వేగంలో, అంటే సుమారు 105 కిలోమీటర్ల దగ్గర, ఇంజను నిమిషానికి దాదాపు 2,900 చుట్లు తిరగాలి. క్యాబిన్‌లో మాట వినపడదు. పెట్రోలు ముల్లు కళ్లముందే దిగుతుంది. ఈ ట్రక్కు చేసినప్పుడు పెట్రోలు చవక. 1973 అక్టోబరులో చమురు ఆంక్షలు వచ్చాయి. 1975లో కార్ల మైలేజీకి అమెరికా చట్టం చేసింది. ఆ తర్వాతి ఏళ్లలో టాపు మీద ఇంకో గేరు, ఓవర్‌డ్రైవ్, మామూలు బండ్లలోకీ వచ్చేసింది. మన దగ్గర అంబాసిడర్‌కు కూడా 1990ల్లో ఇసుజు ఇంజనుతో పాటే ఐదు గేర్ల పెట్టె, నేల మీద కడ్డీ వచ్చాయి.

నేను ఎంచుకున్నది ఎం5ఆర్2 అనే ఐదు గేర్ల పెట్టె. ఫోర్డ్ కోసం మాజ్దా చేసింది, 1988 నుంచి ఎఫ్-150 ట్రక్కుల్లో వేశారు. నిష్పత్తులు 3.90, 2.25, 1.49, 1.00, ఐదోది 0.80. దాని బెల్ హౌసింగు విడిగా ఉండదు, పెట్టెతో కలిపే పోతపోస్తారు. ఆ మూతి నా 300 ఇంజను వెనక భాగానికి సరిపోతుంది, ఎందుకంటే ఆ ఎఫ్-150ల్లోనూ ఇదే ఇంజను ఉండేది. ఐదో గేరులో 65 మైళ్లకు 2,300 చుట్లు చాలు. కాగితం మీద ఇంత చక్కగా కుదిరిన పని ఇంకోటి నాకు తెలియదు. పాత బండ్లు విప్పి అమ్మే చోట 1989 ట్రక్కులోంచి తీసిన పెట్టె దొరికింది.

పాత పెట్టె దించడం, నేల రేకు కోసి కడ్డీకి దారి చేయడం, కింద అడ్డకమ్మీని వెనక్కు జరపడం, ఇవన్నీ శ్రమే గాని అందులో చెప్పుకోవలసింది లేదు. అసలు కథ క్లచ్ దగ్గర మొదలైంది.

క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకూ ప్రెషర్ ప్లేటుకూ మధ్య పెట్టి బిగించేటప్పుడు అది నట్టనడుమ ఉండాలి. గేరుబాక్సు ముందు షాఫ్టు ఆ ప్లేటు మధ్య పళ్లలోంచి దూరి, దాని కొన పోయి క్రాంక్ షాఫ్టు చివర ఉన్న పైలట్ బుష్షులో కూర్చోవాలి. ప్లేటు నడుమ నిలవడానికి ఒక ప్లాస్టిక్ కడ్డీ ఇస్తారు. దాన్ని లోపల ఉంచి ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. నేను ఒక పక్క నుంచి మొదలుపెట్టి వరసగా బిగించేశాను. ప్లేటు వెంట్రుకవాసి కిందికి జారింది. బిగింపు అయ్యాక ప్లాస్టిక్ కడ్డీ రాలేదు. సవ్యంగా ఉంటే రెండు వేళ్లతో లాగితే వచ్చేయాలి. అది రాకపోవడమే ప్లేటు నడుమ లేదని చెప్పడం. నేను స్క్రూడ్రైవరు పెట్టి పెకలించి తీశాను.

ఆ తర్వాత గేరుబాక్సు ఎక్కించాను. వంద పౌండ్లకు పైనే బరువు. జాకీ మీద కట్టి, కింద పడుకుని, చేతులతో తిప్పుతూ, ఎత్తుతూ, దించుతూ తోశాను. లోపలికి వెళ్లింది, వెళ్లింది, బొటనవేలి మందం దూరంలో ఆగిపోయింది. ఆ తర్వాత ఎంత తోసినా కదల్లేదు. టెక్సస్ ఎండాకాలం సాయంత్రం అది. గ్యారేజీలో గాలి లేదు. ఆ బొటనవేలి సందు నా కంటికి ఒక మొండి మనిషిలా కనిపించింది. హౌసింగు చెవుల్లోంచి పొడవాటి బోల్టులు వేశాను. ఒకటొకటిగా బిగించాను. ఎక్కడో లోపల బలంగా ‘టక్’మంది, సందు మూసుకుపోయింది. ఆ చప్పుడుకు నేను సంతోషించాను. ఇది దాచకుండా చెప్పాలి. లోపల ఏం నలిగి ఆ చప్పుడొచ్చిందో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేను గెలిచాననుకున్నాను.

ఈ పెట్టెలో క్లచ్ పనిచేసేది నూనె ఒత్తిడితో. పాత ట్రక్కులో పెడలుకూ క్లచ్‌కూ మధ్య ఇనుప కడ్డీలు, మీటలు ఉండేవి. ఇందులో స్లేవ్ సిలిండరు బెల్ హౌసింగు లోపల, షాఫ్టు చుట్టూ కూర్చుని ఉంటుంది. దానికోసం క్యాబిన్ ముందు గోడకు మాస్టర్ సిలిండరు బిగించాలి. ఆ గోడ రేకు పలచన, పెడలు తొక్కినప్పుడల్లా వంగుతుంది కాబట్టి వెనక మందపాటి పలక కూడా వేయాలి. అవన్నీ వేశాను. గొట్టంలో గాలి ఉంటే క్లచ్ విడదు. అందుకని గాలి తీయడానికి మా అమ్మాయిని పెడలు దగ్గర కూర్చోబెట్టాను. అప్పటికి హైస్కూల్లో ఉంది.

“తొక్కు. పట్టుకో. వదులు.”

అలా ఎంతసేపు చేశామో. ట్రక్కు స్టాండ్ల మీద ఉంది, వెనక చక్రాలు గాలిలో. ఇంజను నడుస్తూ ఉండగా గేరు వేద్దామంటే పళ్లు కరకరమంటున్నాయి. ఇంజను ఆపి గేరు వేసి, క్లచ్ తొక్కి మళ్లీ స్టార్టు చేస్తే వెనక చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

“నాన్నా, క్లచ్ మొత్తం తొక్కే ఉంచాను. అయినా చక్రం తిరుగుతోంది.”

“లోపల గాలి ఉందమ్మా. ఇంకోసారి.”

కాసేపయ్యాక దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. గాలి బయటికి రావడానికి పెట్టిన పారదర్శకమైన గొట్టాన్ని చూసింది. “నాన్నా, ఇందులో బుడగలు ఎప్పుడో ఆగిపోయాయి. నూనె ఒక్కటే వస్తోంది. గాలి లేదేమో. ఇంకేదో అయింది.”

నా పక్కన కూర్చున్న పిల్లకు కనిపించింది నాకూ కనిపించింది. గొట్టం నా చేతిలోనే ఉంది. కానీ గాలి లేదని ఒప్పుకుంటే తప్పు లోపల ఉందని ఒప్పుకోవాలి. లోపల తప్పుంటే ఆ బోల్టుల సంగతి ఒప్పుకోవాలి, గేరుబాక్సు మళ్లీ దించాలి. అంత ఒప్పుకోవడం ఇష్టంలేక గాలి మీద నెట్టాను. “నీకు తెలీదులే” అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

కొత్త ప్లేటు కదా, కాస్త నడిపితే అదే విడుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. స్టాండ్లు తీసి బండిని నేల మీదకు దించాను. ఫస్టు గేరు వేసి, క్లచ్ అదిమి, తాళం తిప్పాను. ఇప్పటి బండ్లలో క్లచ్ తొక్కితేనే స్టార్టరు తిరిగేలా స్విచ్ ఉంటుంది. 1971 బండికి ఆ రక్షణ కూడా లేదు. అది ఉన్నా నన్ను ఆపేది కాదు, నేను క్లచ్ తొక్కే ఉన్నాను. తొక్కినా విడని క్లచ్ అది. ఫస్టు గేరు 3.90, ఇరుసు 3.70. రెండూ హెచ్చవేస్తే ఇంజను బలం పద్నాలుగు రెట్లకు పైగా చక్రాలకు చేరుతుంది. ఆ బలం చూసుకునే కదా ఈ పెట్టె ఎంచుకుంది. ట్రక్కు ఒక్క ఎగురు ఎగిరి ముందున్న పనిబల్లను గోడకు కొట్టింది. బల్ల కాళ్లు విరిగాయి. బల్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీ బంపరు కింద నలిగిపోయింది. కొంచెం ముందు దాకా మా అమ్మాయి ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది. మంచినీళ్లకని లోపలికి వెళ్లింది.

తాళం ఎప్పుడు ఆపానో గుర్తులేదు. చప్పుడుకు మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి కుర్చీని చూసింది, నన్ను చూసింది. ఏమీ అనలేదు. మా ఆవిడ కూడా ఏమీ అనలేదు. నేను గ్యారేజీ దీపం ఆర్పేసి, చాలా రోజులు ఆ తలుపు తియ్యలేదు.

తెనాలి బాబాయి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యాడు. చివరికి ఆయనకు వీడియో కాల్ చేశాను. అప్పటికి గేరుబాక్సు మళ్లీ దించి ఉంచాను. ఫోను కెమెరా పైలట్ బుష్షు దగ్గర పెట్టగానే ఆయన ముఖం మారింది. కంచు బుష్షు మూతి ఒక పక్కకు నలిగి చిట్లి ఉంది. ప్లేటును బల్ల మీద పడుకోబెట్టి చూపించమన్నాడు. మధ్యభాగం వంగి ఉంది.

“బోల్టులేసి లాగావా?”

నేను మాట్లాడలేదు.

“ఒరేయ్, వెళ్లకపోతే ఎందుకు వెళ్లట్లేదో చూడాలి గాని లాగకూడదురా. పెట్టె బరువంతా ప్లేటు మీద వేలాడదీసుంటావు. ఇక అది వంగక ఏమవుద్ది? వంగిన ప్లేటు ఎప్పటికైనా ఏదో ఒక పక్క అంటుకునే ఉంటది. ఇంక క్లచ్ ఎక్కడ విడుద్ది?”

తర్వాత తాము డిపోలో ఏం చేసేవారో చెప్పాడు. రెండు పొడవు బోల్టుల తలలు కోసేసి, వాటిని ఇంజను వెనక కంతల్లో బిగించాలి. పెట్టె ఆ రెండింటి మీద జారుతూ తిన్నగా వస్తుంది. చివర్లో చేత్తో తోస్తే కూర్చోవాలి. కూర్చోకపోతే వెనక్కి లాగి ప్లేటు నడుమను మళ్లీ చూసుకోవాలి. బోల్టు బిగించేది పెట్టె పూర్తిగా కూర్చున్నాకే. నేను చదివిన పుస్తకాల్లోనూ ఇదంతా ఉంది, నాకు తెలిసిందే. ఆయన నోటి వెంట వింటున్నప్పుడు మాత్రం అది వేరేలా వినిపించింది. ఆయన చెబుతున్నది నలభై ఏళ్లు బస్సుల కింద పడుకున్న చేతుల లోంచి వస్తోంది. బస్సు ఎక్కే జనం క్షేమం ఆ చేతుల మీద ఉండేది.

కొత్త బుష్షు, కొత్త ప్లేటు వేశాను. స్లేవ్ సిలిండరు కూడా మార్చాను. పాతది పనిచేస్తూనే ఉంది గాని, అది లోపల ఉండే భాగం, రేపు కారితే గేరుబాక్సు మొత్తం మళ్లీ దించాల్సిందే. అప్పుడే పెట్టె పైమూత వెనక ఉండే రబ్బరు బిరడాలూ చూశాను. ఎం5ఆర్2కు అదొక పేరున్న జబ్బు. రబ్బరు ఎండిపోయి నూనె కారిపోతుంది, డ్రైవరుకు తెలిసేలోపు లోపలి బేరింగులు కాలిపోతాయి. వాటి బదులు లోహపు బిరడాలు వేశాను. ఇందులో పోసేది మందపాటి గేరాయిల్ కాదు, ఆటోమేటిక్ బండ్లలో పోసే పలచని ఎర్ర నూనె. గేరుబాక్సంటే 90 నంబరు గేరాయిల్ అనుకుని డబ్బా కొనిపెట్టుకున్న నేను దాన్ని తిరిగి ఇచ్చేశాను.

ఈసారి పెట్టె చేత్తో తోస్తే కూర్చుంది. చప్పుడు రాలేదు.

ఇంకొక తప్పు మాత్రం అప్పటికే చేసేశాను. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు కొలిచింది ట్రక్కు స్టాండ్ల మీద ఉన్నప్పుడు. స్టాండ్లు ఛాసిస్ కింద పెట్టాను కాబట్టి వెనక ఇరుసు కమాన్లతో సహా కిందికి వేలాడుతోంది. బండి నేల మీద నిలిచి బరువు పడితే ఇరుసు పైకి లేస్తుంది, పెట్టెకూ ఇరుసుకూ మధ్య దూరం మారుతుంది. షాఫ్టు ముందు కొన గేరుబాక్సు తోకలోకి దూరి జారుతూ ఉండాలి, గుంతలో చక్రం ఎగిరినా అడుగు తగలకుండా ఒక అంగుళం సందు మిగలాలి. నాకు ఏమీ మిగల్లేదు. షాఫ్టును మళ్లీ కోయించి, బ్యాలెన్సు చేయించాను. షాఫ్టు కోసిన దుకాణంలో మనిషి “బండి నేల మీద పెట్టి కొలవాలి కదా” అని మాత్రం అన్నాడు. ఈసారి నోరు మెదపకుండా విన్నాను.

ఇప్పుడు ట్రక్కు బాగా నడుస్తోంది. 65 మైళ్ల దగ్గర ముల్లు 2,300 మీద నిలబడుతుంది. ఐదో గేరులో ఆ ఇంజను ఆడే తీరు వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మా అమ్మాయి దాని మీదే మాన్యువల్ బండి నడపడం నేర్చుకుంది. నేర్పేటప్పుడు దానికి ఆ సాయంత్రం గురించి చెప్పాను, తప్పు నాదేనని, తను చెప్పిందే నిజమని. “తెలుసు నాన్నా” అంది.

సరిచేసుకోలేని తప్పు ఇంకోటి ఉంది. నాకు బండి అమ్మిన రోజు ఆ పెద్దాయన తాళం ఇస్తూ ఒకే ఒక్కటి అడిగాడు. ఎప్పుడైనా ఈ మూడు గేర్ల పెట్టె తీసేస్తే పారేయకండి, నాకు ఫోను చేయండి, వచ్చి తీసుకెళ్తాను అని. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి దాన్ని విప్పి, బేరింగులు మార్చి బిగించాడట. నేను తలూపాను. నా తలలో అప్పటికే ఐదో గేరు తిరుగుతోంది. అంతా బిగించి బండి నడిచిన సంతోషంలో గ్యారేజీ ఖాళీ చేశాను. పాత పెట్టె, స్టీరింగు పక్క కడ్డీ, దాని మీటలు, క్లచ్ కడ్డీలు, అన్నీ వీధిలో వెళ్తున్న పాత ఇనుము బండికి ఎత్తించాను. ఆ మాట అప్పుడు గుర్తుకే రాలేదు.

తర్వాత ఒకరోజు ఆయనే ఫోను చేశాడు. బండి ఎలా ఉందని అడిగాడు. చెప్పాను. పాత పెట్టె గురించి అడిగాడు. అదీ చెప్పాను. కాసేపు ఆగి “సరే” అన్నాడు. తర్వాత వానల గురించి మాట్లాడి పెట్టేశాడు. ఆ ఇనుము కొన్న చోటికి వెళ్లి వెతికాను. అప్పటికే కరిగించడానికి పోయింది. అలాంటి మూడు గేర్ల పెట్టె ఇంకోటి కొని తీసుకెళ్తానంటే వద్దన్నాడు. అదే మోడల్ పెట్టె దొరుకుతుంది గాని, వాళ్ల నాన్న చేతులు పడింది ఇక లేదు.

పాత బండిలో గేరుబాక్సు మార్చాలనుకునేవాళ్లు మార్చండి, అది తప్పు పని కాదు. తీసినదాన్ని మాత్రం పారేయకండి. మట్టి తుడిచి, నూనె పూసి, మూతికి గుడ్డ కట్టి, బోల్టులన్నీ ఒక సంచిలో వేసి మూలన ఉంచండి. బండి మీకు అమ్మిన మనిషి పేరూ ఫోను నంబరూ ఒక చీటీ మీద రాసి ఆ సంచిలోనే వేయండి. పెట్టె తీసిన రోజే ఆయనకు ఫోను చేయండి.